భాగం – 7: స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ – ఆఫ్టర్‌మార్కెట్ భాగాల ఎంపిక, అమరిక

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:

• సస్పెన్షన్‌లోని ముఖ్య భాగాలను, ఒక్కొక్కటి చేసే పనిని వివరించగలుగుతారు.
• కారు ఎత్తు తగ్గించినప్పుడు చక్రం కదలికకు మిగిలే దూరాన్ని, అందువల్ల వచ్చే నష్టాన్ని లెక్కించగలుగుతారు.
• స్ప్రింగు, షాకబ్జార్బరు ఒకదానికొకటి ఎందుకు సరిపోవాలో చెప్పగలుగుతారు.
• ఒక ప్రాంతపు రోడ్లకు తగిన భాగాలను ఎంపిక చేసి, క్రమపద్ధతిలో అమర్చే విధానాన్ని తెలుసుకుంటారు.
• ఇటువంటి మార్పులకు వర్తించే చట్ట నిబంధనలను గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో తిరిగే కారు ఒక గంటలోనే మూడు రకాల రోడ్లను దాటుతుంది. మొదటిది ముత్తంగి దగ్గర కలిసే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. అక్కడ వేగం ఎక్కువ, రోడ్డు నున్నన. రెండోది పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగే 65వ నంబరు జాతీయ రహదారి. అక్కడ లారీలు, బస్సులు, కంపెనీ వాహనాలు కలిసి నడుస్తాయి. మూడోది పారిశ్రామికవాడల లోపలి రోడ్లు, ఊళ్ళలోకి వెళ్ళే రోడ్లు. బరువు లారీల కింద నలిగిన అంచులు, వానాకాలంలో నీళ్ళ కింద కనిపించని గుంతలు, ఎవరికి తోచిన ఎత్తులో వారు వేసిన స్పీడ్ బ్రేకర్లు అక్కడ ఎదురవుతాయి.

ఈ మూడింటి మీదా నడవవలసిన స్పోర్ట్స్ కారును దాని యజమాని మరికొంత కిందికి దించి, మరికొంత గట్టిగా చేయమని అడుగుతాడు. అందుకు కావలసిన స్ప్రింగులు, షాకబ్జార్బర్లు మార్కెట్‌లో దొరుకుతాయి. కారు తయారుచేసిన కంపెనీ బిగించి ఇచ్చిన భాగాల స్థానంలో, వేరే తయారీదారుల నుంచి తరవాత కొని వేసుకునే భాగాలను ఆఫ్టర్‌మార్కెట్ భాగాలు అంటారు. మీరు వర్క్‌షాపులో పనిచేస్తున్నా, సొంత కారు గురించి ఆలోచిస్తున్నా, ఏ పెట్టె కొనాలన్న ప్రశ్న కంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ కారు చక్రానికి పైకి కదలడానికి ఎంత చోటు ఉంది? మార్పు తరవాత ఎంత మిగులుతుంది?

పోటీ కార్లతో పోల్చి చూస్తే ఈ ప్రశ్న ప్రాముఖ్యం తెలుస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ మార్గాన్ని ముందుగానే పోటీకి తగినట్లు సిద్ధం చేశారు. పోటీ కారు సస్పెన్షన్‌ను ఆ ఒక్క రోడ్డుకు తగినట్లు సరిచేసుకుంటారు. మన కారుకు ఆ సౌకర్యం లేదు. మన కోసం రోడ్డు మారదు కాబట్టి సస్పెన్షనే రోడ్డుకు తగినట్లు ఉండాలి.

7.2 సస్పెన్షన్‌లోని భాగాలు

సస్పెన్షన్ మూడు పనులు చేస్తుంది. రోడ్డు ఎగుడుదిగుడులు కారు బాడీకి చేరకుండా చూడటం మొదటిది. టైరు ఎల్లప్పుడూ రోడ్డును పట్టి ఉండేటట్లు చూడటం రెండోది. బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగినప్పుడు బాడీ అతిగా వంగకుండా ఆపడం మూడోది. వీటిలో రెండోది ప్రాణానికి సంబంధించినది. గాలిలో ఉన్న టైరుకు బ్రేకూ పట్టదు, స్టీరింగూ పనిచేయదు.

(అ) స్ప్రింగు: కారు బరువును మోస్తుంది. స్ప్రింగులు పలు రూపాల్లో ఉంటాయి, వాటిని మన ప్రాంతంలోనే చూడవచ్చు. లారీల వెనక ఇరుసుల మీద కమాను పట్టీలు ఉంటాయి. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యే శరత్ సైనిక వాహనంలో ఉక్కు కడ్డీ మెలితిరిగి స్ప్రింగులా పనిచేస్తుంది. దానిని టార్షన్ బార్ అంటారు. కార్లలో ఎక్కువగా చుట్ట స్ప్రింగులు ఉంటాయి. హుక్ సూత్రం మీరు ఇంటర్మీడియట్‌లో చదివే ఉంటారు: బలం స్థానభ్రంశానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఒక మిల్లీమీటరు నొక్కడానికి కావలసిన బలమే స్ప్రింగు స్థిరాంకం. దానిని న్యూటన్/మి.మీ.లో చెబుతారు.

(ఆ) షాకబ్జార్బరు: వాడుకలో షాకప్ అంటారు. పేరు తప్పు అర్థాన్నిస్తుంది. కుదుపును మొదట తీసుకునేది స్ప్రింగు. స్ప్రింగు తీసుకున్న శక్తి తిరిగి బాడీని ఊపకుండా, దానిని నూనె ఘర్షణ ద్వారా వేడిగా మార్చేది షాకబ్జార్బరు. భౌతికశాస్త్ర పరిభాషలో ఇది డోలనాలను అవరోధిస్తుంది.

(ఇ) బంప్ స్టాప్: చక్రం పైకి వెళ్ళే దారిలో చివర ఉండే రబ్బరు లేదా ఫోమ్ దిమ్మ. లోహం లోహాన్ని కొట్టకుండా కాపాడుతుంది.

(ఈ) యాంటీ రోల్ బార్: ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ. మలుపులో బాడీ ఒరగడాన్ని తగ్గిస్తుంది.

(ఉ) బుష్‌లు, పై మౌంట్‌లు: కీళ్ళ దగ్గర ఉండే రబ్బరు భాగాలు.

(ఊ) టైరు: ఇదీ ఒక స్ప్రింగే. సదాశివపేట దగ్గరి ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారంలో తయారయ్యే టైరు అయినా మరొకటి అయినా, లోపలి గాలే దాని గట్టిదనాన్ని ముఖ్యంగా నిర్ణయిస్తుంది. అందుకే సస్పెన్షన్‌ను పరీక్షించే ముందు టైరు గాలిని సరిచేయాలి.

చాలా కార్ల ముందు చక్రాల దగ్గర స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి ఒకే నిలువు దిమ్మెలా ఉంటాయి. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే ఇంజనీరు పేరుతో దీనిని మెక్‌ఫర్సన్ స్ట్రట్ అంటారు. 1950 నాటి ఫోర్డ్ కాన్సల్ కారుతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది.

7.3 చక్రం కదిలే దూరం

కారు నిశ్చలంగా నిలబడి ఉన్నప్పుడు చక్రం ఉన్న చోటు నుంచి బంప్ స్టాప్ తగిలే వరకు పైకి కదలగలిగే దూరాన్ని పై కదలిక అందాం. గుంత అంచు తగిలినప్పుడు, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు ఖర్చయ్యేది ఈ దూరమే. ఇది చేతిలో ఉన్న డబ్బు లాంటిది. పరిమితంగా ఉంటుంది, ప్రతి మార్పూ అందులోంచి కొంత తీసుకుంటుంది.

లెక్క కోసం ఒక ఊహా కారును తీసుకుందాం. ముందు ఒక్కో చక్రం దగ్గర స్ప్రింగు మోసే ద్రవ్యరాశి 280 కిలోలు. చక్రం దగ్గర స్ప్రింగు స్థిరాంకం 22 న్యూటన్/మి.మీ. పై కదలిక 80 మి.మీ. స్ప్రింగులో నిల్వ ఉండే అదనపు స్థితిజశక్తి, స్థిరాంకాన్ని స్థానభ్రంశ వర్గంతో గుణించి రెండుతో భాగిస్తే వస్తుంది. కాబట్టి ఈ స్ప్రింగు బంప్ స్టాప్ తగలకముందు తీసుకోగల శక్తి:

22,000 × 0.08 × 0.08 ÷ 2 = 70.4 జౌళ్ళు.

ఇప్పుడు యజమాని కారును దించే స్ప్రింగులు వేయించాడనుకుందాం. కొత్త స్థిరాంకం 28 న్యూటన్/మి.మీ. అంటే పాతదాని కంటే 27 శాతం గట్టి. కారును దించిన దూరాన్ని బట్టి ఫలితం కింది పట్టికలో ఉంది.

| దించిన దూరం | మిగిలిన పై కదలిక | తీసుకోగల శక్తి | పాతదానిలో శాతం |
|---|---|---|---|
| 0 మి.మీ. (పాత స్ప్రింగు) | 80 మి.మీ. | 70.4 జౌళ్ళు | 100 |
| 15 మి.మీ. | 65 మి.మీ. | 59.2 జౌళ్ళు | 84 |
| 25 మి.మీ. | 55 మి.మీ. | 42.4 జౌళ్ళు | 60 |
| 40 మి.మీ. | 40 మి.మీ. | 22.4 జౌళ్ళు | 32 |

చివరి వరుసను గమనించండి. స్ప్రింగు గట్టిపడింది, అయినా కుదుపును తీసుకునే శక్తి మూడో వంతుకు పడిపోయింది. కారణం ఏమిటంటే శక్తి స్థానభ్రంశ వర్గం మీద ఆధారపడుతుంది. దూరం సగమైతే, పాత శక్తిని నిలుపుకోవడానికి స్ప్రింగు నాలుగు రెట్లు గట్టిపడాలి, అంటే 88 న్యూటన్/మి.మీ. కావాలి. మిగతా శక్తిని తీసుకునేది బంప్ స్టాప్, రిమ్ము, బాడీ, కారులో కూర్చున్నవారి నడుము.

గట్టిదనం పెంచితే ఏమవుతుందో సహజ పౌనఃపున్యం చెబుతుంది. స్థిరాంకాన్ని ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే అది వస్తుంది. మన ఊహా కారుకు ఇది 1.4 హెర్ట్జ్. సాధారణ కార్లు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య, రోడ్డు మీద నడిచే స్పోర్ట్స్ కార్లు సుమారు 1.5 నుంచి 2 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. పాత శక్తిని పూర్తిగా నిలుపుకోవాలంటే 15 మి.మీ. దించినప్పుడు 33.3 న్యూటన్/మి.మీ. స్ప్రింగు, 1.7 హెర్ట్జ్ వస్తాయి. 25 మి.మీ. దించితే 46.5 న్యూటన్/మి.మీ., 2.05 హెర్ట్జ్. 40 మి.మీ. దించితే 2.8 హెర్ట్జ్. ఇది పోటీ కారు స్థాయి. అటువంటి కారు పాషమైలారం లోపలి రోడ్డు మీద గుంతను మింగదు, గుంత మీది నుంచి ఎగురుతుంది. ఆ క్షణంలో టైరు రోడ్డును వదులుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పెట్టె మీద రాసి ఉండేది స్ప్రింగు దగ్గరి స్థిరాంకం. చక్రం దగ్గర అది తగ్గుతుంది. చక్రం 10 మి.మీ. కదిలితే స్ప్రింగు 7 మి.మీ. నొక్కుకునే కారులో నిష్పత్తి 0.7. దాని వర్గం 0.49. కాబట్టి 60 న్యూటన్/మి.మీ. స్ప్రింగు చక్రం దగ్గర 29.4 మాత్రమే. వేర్వేరు కార్ల స్ప్రింగు అంకెలను నేరుగా పోల్చకూడదు.

రెండోది, స్ప్రింగు తీగ మందం. చుట్ట స్ప్రింగు స్థిరాంకం తీగ వ్యాసపు నాలుగో ఘాతానికి అనులోమానుపాతంలోనూ, పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలోనూ ఉంటుంది. మిగతావి సమానమైతే 12 మి.మీ. తీగకు బదులు 13 మి.మీ. తీగ వాడిన స్ప్రింగు 38 శాతం గట్టిగా ఉంటుంది. కంటికి ఈ తేడా దాదాపు కనిపించదు. స్థిరాంకం రాసి ఇవ్వని స్ప్రింగును కొనకూడదనడానికి ఇదే కారణం.

ఖర్చు తగ్గించడానికి కొందరు ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోయిస్తారు. పనిచేసే 6 చుట్లలో ఒకటి పోతే స్థిరాంకం 6/5 రెట్లు, అంటే 20 శాతం పెరుగుతుంది. పొడవు కూడా తగ్గుతుంది. జాకీతో ఎత్తినప్పుడు లేదా చక్రం గుంతలోకి జారినప్పుడు పొట్టి స్ప్రింగు తన గిన్నెలోంచి వదులై పక్కకు తప్పుకోవచ్చు. కోసేటప్పుడు మంట తగిలితే ఉక్కుకు ఇచ్చిన వేడి చికిత్స పాడై, అక్కడే విరగవచ్చు. ఈ పనిని ఎవరు అడిగినా చేయకండి.

మీ అవగాహనను పరిశీలించుకోండి – I
1. పై ఊహా కారును 20 మి.మీ. దించి, 30 న్యూటన్/మి.మీ. స్ప్రింగు వేస్తే అది తీసుకోగల శక్తి ఎంత? పాతదానిలో ఎంత శాతం?
2. షాకబ్జార్బరు చేసే అసలు పని ఏమిటి?

7.4 షాకబ్జార్బర్ ఎంపిక

ఊగే స్ప్రింగు ఒక్కసారి కూడా అటు దాటకుండా, వీలైనంత త్వరగా నిలిచిపోయే అవరోధాన్ని సందిగ్ధ అవరోధం అంటారు. కారులో ఉన్న అవరోధాన్ని దీనితో భాగిస్తే అవరోధ నిష్పత్తి వస్తుంది. సాధారణ కార్లలో ఇది సుమారు 0.3 దగ్గర ఉంటుంది. మరీ తక్కువైతే కారు పడవలా ఊగుతుంది. మరీ ఎక్కువైతే చిన్న గతుకు కూడా నేరుగా సీటుకు తెలుస్తుంది.

సందిగ్ధ అవరోధం స్ప్రింగు స్థిరాంకపు వర్గమూలంతో పెరుగుతుంది. కాబట్టి పాత షాకబ్జార్బరు ఉంచి స్ప్రింగును మాత్రం 22 నుంచి 33.3కి మార్చితే నిష్పత్తి 0.30 నుంచి 0.24కు తగ్గుతుంది. స్ప్రింగు గట్టిపడింది, దానిని అదుపు చేసేది మాత్రం బలహీనపడినట్లయింది. స్పీడ్ బ్రేకర్ దాటాక కారు మరొకసారి ఎగిరితే కారణం ఇదే కావచ్చు. అందుకే స్ప్రింగు, షాకబ్జార్బరు జతగా ఎంచుకోవాలి. తిరిగి సాగేటప్పుడు శక్తిని విడుదల చేసేది స్ప్రింగు కనుక, సాధారణంగా షాకబ్జార్బరులో నొక్కేటప్పటి కంటే సాగేటప్పటి అవరోధం ఎక్కువగా ఉంచుతారు.

మార్కెట్‌లో దొరికే రకాలు ఇవి:

• రెండు గొట్టాల రకం: లోపలి గొట్టంలో పిస్టన్, బయటి గొట్టంలో మిగులు నూనె. ధర తక్కువ, బయటి గొట్టం కాస్త సొట్టపడినా పనిచేయవచ్చు. వేడిని నెమ్మదిగా వదులుతుంది.
• ఒకే గొట్టం రకం: నూనెకు, అధిక పీడనంలో ఉన్న నైట్రోజన్‌కు మధ్య విడి పిస్టన్ ఉంటుంది. వేడిని త్వరగా వదులుతుంది. గొట్టానికి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. రాళ్ళు ఎగిరే రోడ్డు మీద ఇది ఆలోచించవలసిన విషయం.
• కాయిలోవర్: స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసి, ఎత్తు మార్చుకునే మరలతో వచ్చే జత. కొన్నింటిలో స్ప్రింగు కూర్చునే పళ్ళెం మాత్రమే కిందికి జరుగుతుంది. అప్పుడు కారు దిగినంత మేర పై కదలిక తగ్గుతుంది. మరికొన్నింటిలో అడుగు భాగం కూడా విడిగా తిరుగుతుంది; అప్పుడు షాకబ్జార్బరు లోపలి కదలికను కాపాడుకుంటూ ఎత్తు మార్చవచ్చు. అయినా టైరు ఫెండరుకు తగలకుండా చోటు ఉందో లేదో విడిగా చూడాలి.

వెనక స్ప్రింగుల విషయంలో మరొక సూత్రం ఉంది. 1930లలో అమెరికాలోని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన ఇంజనీరు మారిస్ ఓలీ, వెనక సస్పెన్షన్ పౌనఃపున్యం ముందుదాని కంటే కొంచెం ఎక్కువ ఉండాలని చూపించాడు. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లున్న కారు గంటకు 60 కి.మీ. వేగంతో వెళ్తుంటే, ముందు చక్రం తగిలిన గతుకు 0.15 సెకన్ల తరవాత వెనక చక్రానికి తగులుతుంది. వెనక భాగం కాస్త త్వరగా ఊగితే ముందు భాగాన్ని అందుకుంటుంది. కారు ముందుకు వెనక్కు ఊగడం తగ్గుతుంది. ముందు స్ప్రింగులు మాత్రమే మార్చడం ఈ సమతూకాన్ని చెడగొడుతుంది.

7.5 కారు దించితే కొలతల్లో వచ్చే మార్పులు

ఎత్తు ఒక్కటే మారి మిగతావన్నీ అలాగే ఉండవు. ముఖ్యంగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కారును దించినప్పుడు కింది చేయి వాలు మారుతుంది. అందువల్ల బాడీ ఒరిగే కేంద్రం, గరిమనాభి కంటే ఎక్కువగా కిందికి దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో ఒరిగించే భ్రామకం పెరగవచ్చు. కారు దించితే ఒరగడం తప్పక తగ్గుతుందనుకోవడం సరికాదు.

చక్రం నిలువు నుంచి వాలే కోణం క్యాంబర్. పై నుంచి చూసినప్పుడు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం టో. కారు దిగితే రెండూ మారతాయి. టైరును త్వరగా తినేది టో. ఒక చక్రం 0.1 డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కారు ఒక కిలోమీటరు వెళ్ళేసరికి ఆ టైరు 1.75 మీటర్లు పక్కకు రాసుకుంటుంది. రోజూ సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు వెళ్ళి వచ్చే కారుకు ఇది కొద్ది నెలల్లో టైరు అంచు మీద కనిపిస్తుంది. వీటితో పాటు బ్రేకు గొట్టం లాగుడు, ఏ.బి.ఎస్. తీగ, డ్రైవ్ షాఫ్ట్ కోణం, హెడ్‌లైటు వెలుగు పడే ఎత్తు కూడా సరిచూడాలి.

7.6 స్పీడ్ బ్రేకర్ లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, వంపు వ్యాసార్ధం 17 మీటర్లు. దానిని గంటకు 25 కి.మీ. వేగంతో దాటవచ్చు. మన కారు దాని మీద ఆనుతుందో లేదో కాగితం మీదే తేల్చవచ్చు.

కారు కింది భాగం: చక్రాల మధ్య దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించాలి. 2.5 మీటర్ల కారుకు 6.25 ÷ 136 = 0.046 మీటర్లు, అంటే 46 మి.మీ. నేల నుంచి 100 మి.మీ. ఎత్తున్న కారు కూడా సులభంగా దాటుతుంది.

కారు ముక్కు: ముందు చక్రం బ్రేకర్ అంచును చేరినప్పుడు బంపర్ 0.85 మీటర్లు ముందుకు ఉంటుందనుకుందాం. ఆ చోట బ్రేకర్ ఎత్తు 71 మి.మీ. బంపర్ 110 మి.మీ. ఎత్తులో ఉంటే 39 మి.మీ. మిగులుతుంది. 30 మి.మీ. దించితే మిగిలేది 9 మి.మీ. బ్రేకు వేస్తూ చేరితే ముక్కు అంతకంటే ఎక్కువ దిగుతుంది, బంపర్ రాసుకుంటుంది. కాబట్టి ప్రామాణిక బ్రేకర్ దగ్గర ప్రమాదం పొట్టకు కాదు, ముక్కుకు. బ్రేకరుకు ముందే వేగం తగ్గించి, దాని మీదికి ఎక్కేటప్పుడు బ్రేకు వదలాలి.

అయితే ఊళ్ళలో అన్నీ ప్రామాణికం కావు. 60 సెంటీమీటర్ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దిమ్మె ముందు, వెనక చక్రాల మధ్యకు వచ్చినప్పుడు కారు కింద 120 మి.మీ. కంటే ఎక్కువ ఖాళీ కావాలి. ఇక్కడ ఏ షాకబ్జార్బరూ సాయం చేయదు. మీరు రోజూ వెళ్ళే దారిలో అన్నిటికంటే ఎత్తైన బ్రేకరును టేపుతో కొలవండి. కారు ఎంత దించవచ్చో మొదట చెప్పేది ఆ అంకె.

7.7 ఎంపిక క్రమం

కారు సరిగా నడవడం లేదన్న ఫిర్యాదుకు కొత్త స్ప్రింగులే జవాబు కానక్కరలేదు. కింది క్రమాన్ని పాటించండి. ముందు మెట్టు సమస్యను తీరిస్తే తరవాతి మెట్టుకు వెళ్ళవలసిన అవసరం లేదు.

1. టైర్ల గాలి, వయసు, అరుగుదల సరిచూడండి.
2. బుష్‌లు, బాల్ జాయింట్లు, పై మౌంట్‌లు అరిగితే మార్చండి.
3. నూనె కారుతున్న షాకబ్జార్బర్లను కంపెనీ కొలతల భాగాలతో, ఒకే ఇరుసు మీద రెండూ కలిపి మార్చండి.
4. చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.
5. మలుపులో ఒరగడమే సమస్య అయితే, ఎత్తు తగ్గించకుండా గట్టి యాంటీ రోల్ బార్‌ను పరిశీలించండి.
6. ఆ తరవాతే స్ప్రింగు, షాకబ్జార్బరు జత. పై లెక్కల ప్రకారం ఈ ప్రాంతపు రోడ్ల మీద 15 మి.మీ.కు మించి దించడం నష్టదాయకం.

కొనే ముందు మీ కారు ఎంత కదలికను నిజంగా వాడుకుంటున్నదో తెలుసుకోండి. షాకబ్జార్బరు కడ్డీకి, దుమ్ము తొడుగు ఎత్తి, సన్నని ప్లాస్టిక్ జిప్ టై ఒకటి బిగుతుగా కట్టి గొట్టం అంచుకు ఆనించండి. వారం రోజులు మామూలు దారిలోనే నడపండి. గొట్టం దానిని పైకి నెట్టిన చోటు, ఆ వారంలోని అతి పెద్ద కుదుపును చూపుతుంది. కారు నిలబడి ఉన్నప్పటి స్థానం నుంచి అక్కడికి ఎంత దూరమో, అక్కడి నుంచి బంప్ స్టాప్‌కు ఎంత మిగిలిందో కొలవండి. మిగిలింది 10 మి.మీ. అయితే, 40 మి.మీ. దించడం గురించి ఇక చర్చ అక్కరలేదు.

7.8 అమరిక

భద్రత: స్ట్రట్ విప్పేటప్పుడు నొక్కి ఉన్న స్ప్రింగు అతి ప్రమాదకరం. 22 న్యూటన్/మి.మీ. స్ప్రింగును 200 మి.మీ. నొక్కితే అందులో 440 జౌళ్ళ శక్తి ఉంటుంది. 45 కిలోల బస్తా ఒక మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి అది. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పై నట్టు విప్పకూడదు. కారును జాకీ మీద మాత్రమే వదలకుండా స్టాండ్ల మీద నిలపాలి.

అమరికలోని దశలు:

1. పని మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల దగ్గరా, చక్రం మధ్య నుంచి ఫెండరు అంచు వరకు కొలిచి రాసుకోండి.
2. కొత్త భాగాలు బిగించండి. రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.
3. కొద్ది రోజులు నడిపి స్ప్రింగులు కుదురుకున్నాక మళ్ళీ ఎత్తు కొలవండి. ఎడమ, కుడి తేడాను సరిచేయండి.
4. ఎత్తు ఖాయమయ్యాకే అలైన్‌మెంట్ చేయించండి. తరవాత ఎత్తు మార్చితే మళ్ళీ చేయించాలి.
5. స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు, బ్రేకు గొట్టం ఎక్కడా తగలడం లేదని చూడండి.
6. అవరోధాన్ని మార్చుకునే షాకబ్జార్బర్లయితే తయారీదారు చెప్పిన మధ్య స్థానంతో మొదలుపెట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. అదే రోడ్డు, అదే వేగం, అదే గాలి ఒత్తిడితో నడిపి, ఫలితాన్ని పుస్తకంలో రాయండి.
7. జిప్ టై పరీక్షను మళ్ళీ చేయండి. రోజువారీ దారిలో అది బంప్ స్టాప్‌ను చేరుతుంటే ఎత్తు పెంచండి.

7.9 చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని చెప్పింది. అదే సంవత్సరం చేసిన సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

అరిగిన భాగాన్ని అదే కొలతల భాగంతో మార్చడం మరమ్మతు. ఎత్తును, నిర్మాణాన్ని మార్చడం వేరు విషయం. అందువల్ల పనికి ముందు జిల్లా రవాణా కార్యాలయంలో విచారించండి. బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోండి. ప్రమాదం జరిగిన తరవాత బయటపడిన మార్పు, పరిహారం విషయంలో వివాదానికి దారితీస్తుంది. మీరు మెకానిక్ అయితే ఈ సంగతి యజమానికి ముందే చెప్పడం మీ బాధ్యత.

మీ అవగాహనను పరిశీలించుకోండి – II
3. చక్రాల మధ్య దూరం 2.6 మీటర్లున్న కారుకు ప్రామాణిక స్పీడ్ బ్రేకర్ మీద కనీసం ఎంత ఖాళీ కావాలి?
4. అలైన్‌మెంట్‌ను ఎత్తు ఖాయమయ్యాకే ఎందుకు చేయించాలి?

7.10 సారాంశం

సస్పెన్షన్ అన్నిటికంటే ముందు టైరును రోడ్డు మీద నిలపాలి. అందుకు చక్రానికి కదిలే చోటు కావాలి. కారును దించితే ఆ చోటు తగ్గుతుంది. స్ప్రింగు తీసుకునే శక్తి అంతకంటే వేగంగా తగ్గుతుంది. గట్టి స్ప్రింగుకు తగిన షాకబ్జార్బరు లేకపోతే అదుపు తప్పుతుంది. ఎత్తు మారితే కోణాలు మారతాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతంలో రింగ్ రోడ్డు కోసం ఎంచుకున్న సస్పెన్షన్ ఊరి బ్రేకర్ దగ్గర, వానలో గుంత దగ్గర కూడా పనిచేయాలి. కాబట్టి మీ దారిలోని అతి చెడ్డ చోటును కొలిచి, దానికి తగినట్లు ఎంచుకోండి.

7.11 మీ అవగాహనను పరిశీలించుకోండి – జవాబులు

1. మిగిలిన పై కదలిక 60 మి.మీ. శక్తి 54 జౌళ్ళు. పాతదానిలో 77 శాతం.
2. స్ప్రింగు తీసుకున్న శక్తిని వేడిగా మార్చి డోలనాలను అణచడం.
3. 6.76 ÷ 136 = 0.0497 మీటర్లు, అంటే సుమారు 50 మి.మీ.
4. ఎత్తు మారితే క్యాంబర్, టో మారతాయి కాబట్టి.

7.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కారు ఎత్తు తగ్గించడం వల్ల చక్రం కదలిక, శక్తి, సహజ పౌనఃపున్యాలలో వచ్చే మార్పులను లెక్కలతో వివరించండి.
2. మీ ప్రాంతంలోని ఒక రోడ్డును ఎంచుకొని, దానికి తగిన సస్పెన్షన్‌ను ఎంపిక చేసే విధానాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. స్ప్రింగు చుట్టు కోయడం వల్ల కలిగే ప్రమాదాలు ఏమిటి?
2. రెండు గొట్టాల, ఒకే గొట్టం షాకబ్జార్బర్లను పోల్చండి.
3. వాహనాల మార్పులకు సంబంధించిన చట్ట నిబంధనలను పేర్కొనండి.